ట్రాన్స్‌ఫర్ విండో గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ట్రాన్స్‌ఫర్ విండో గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. తెరిచి ఉన్నా మూసి ఉన్నా మీ క్షేమానికి లోటుండదని తెలుసు. లోటల్లా మీ అవతల సంచీ సర్దుకుని నిలబడ్డవాళ్లకే. మా ఇళ్లలో కిటికీ పెట్టుకునేది గాలి కోసం. మీరు మాత్రం ఫుట్‌బాల్ ఆటగాళ్లు క్లబ్బు మారడానికి ఏడాదికి రెండుసార్లే, వేసవిలో ఒకసారి, సీజన్ నడుమ ఒకసారి, రెండూ కలిపి 16 వారాలకు మించకుండా తెరుచుకుంటారు. ఆ 16 వారాల్లో క్లబ్బులు ఊపిరి పీల్చుకుంటాయి, మిగతా 36 వారాలూ జనం పుకార్లు పీల్చుకుంటారు. బదిలీల కౌన్సెలింగ్ ఎప్పుడా అని ఎదురుచూసే మా టీచర్లకు మీ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

ఈ మధ్య ఒక వాదన తరచూ వినబడుతోంది: దేశదేశాలు తిరిగిన ఆటగాడి బతుకంతా మీ చలవేనట. మీరు తెరుచుకోబట్టే అతను ఎగిరాడట. అందుకే ఈ ఉత్తరం. దయచేసి స్పెయిన్ ఆటగాడు లూయిస్ గార్సియా ఫైలు ఒకసారి తెప్పించుకోండి. అటకెక్కి ఉంటుంది, దుమ్ము దులపాలి. పూర్తి పేరు లూయిస్ హవియెర్ గార్సియా సాన్జ్, ఎటాకింగ్ మిడ్‌ఫీల్డర్, పుట్టింది 1978 జూన్ 24న, బార్సిలోనా పక్కనున్న బదలోనాలో. ఊరి పేరులోనే సగం బదిలీ ఉంది, ఇంక మనిషి కుదురుగా ఎక్కడుంటాడు? బార్సిలోనా, వయాడోలిద్, టొలెడో, టెనెరిఫే, అట్లెటికో మాడ్రిడ్, లివర్‌పూల్, రాసింగ్ శాంతాందర్, పనథినైకోస్, ప్యూబ్లా, పూమాస్, అట్లెటికో డి కోల్‌కతా, సెంట్రల్ కోస్ట్ మారినర్స్. పన్నెండు క్లబ్బులు, ఆరు దేశాలు. వీటిలో బార్సిలోనాకూ వయాడోలిద్‌కూ అట్లెటికోకూ వెళ్లినవాడే మళ్లీ వెళ్లాడు.

మొదటి అభ్యంతరం మీ పుట్టినరోజు గురించి. ఒప్పందం గడువు ముగిసిన ఆటగాణ్ని క్లబ్బు పట్టి ఉంచుకోకూడదని యూరప్ కోర్టు బోస్మన్ కేసులో తీర్పిచ్చింది 1995 డిసెంబరు 15న. ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా, యూరోపియన్ కమిషన్ కూర్చుని బదిలీల నియమాల మీద రాజీకొచ్చింది 2001 మార్చిలో. ఇంగ్లండు లీగులు మీకు గడప కట్టింది 2002–03 సీజనుకు. అప్పటికే మనవాడు అరువు మీద, అంటే సొంత క్లబ్బు కొన్నాళ్లు ఆడిరమ్మని పంపితే, టొలెడో వెళ్లొచ్చాడు, టెనెరిఫే వెళ్లొచ్చాడు. బిడ్డ నడక నేర్చాక పుట్టిన మంత్రసానివి మీరు. పురుడు పోసిన డబ్బులు అడగడం న్యాయమా?

టెనెరిఫే దగ్గర కాసేపు ఆగండి. అది 2000–01, రెండో డివిజన్. జట్టు కోచ్ అప్పటికింకా పెద్దగా పేరులేని రఫా బెనిటెజ్. అరువుకొచ్చిన గార్సియా ఆ సీజన్‌లో 16 గోల్స్ కొట్టాడు, జట్టు పై డివిజన్‌కు ఎక్కింది. మన వైపు అరువు చీర కట్టుకుని పేరంటానికి వెళితే చీర ఎవరిదో అందరికీ తెలిసిపోతుందని భయం. ఇక్కడ జరిగింది వేరు. మిడ్‌ఫీల్డుకూ డిఫెన్సుకూ నడుమ ఖాళీలో నిలబడి, బంతి అందే లోపే సగం తిరిగిపోయే ఆ అలవాటును బెనిటెజ్ మూడేళ్లు గుర్తుపెట్టుకున్నాడు. లివర్‌పూల్‌కు కోచ్ కాగానే 2004 ఆగస్టులో అతన్ని 60 లక్షల పౌండ్లకు బార్సిలోనా నుంచి పిలిపించుకున్నాడు. ఆ మూడేళ్ల జ్ఞాపకాన్ని మీ దస్తావేజుల్లో ఏ కాలమ్‌లో నమోదు చేశారో చూపించండి.

మీ దస్తావేజుల్లో ఏముంటుందో మాకూ కొంత తెలుసు. ముందు కొనే క్లబ్బు అమ్మే క్లబ్బుకు రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకుండా ఆటగాడితో బేరం పెట్టుకోకూడదు, ఒప్పందం గడువు ఆరు నెలలలోపు మిగిలి ఉంటే తప్ప. తర్వాత వైద్య పరీక్ష: గుండెకు ఈసీజీ, ఎకో, మోకాళ్లకూ మడమలకూ తుంటికీ ఎంఆర్‌ఐ, కుడి తొడ బలమెంత, ఎడమ తొడ బలమెంత అని యంత్రం మీద తూకం. ఇదంతా సంతకానికి ముందే కానివ్వాలి. ఎందుకంటే “పరీక్షలో నెగ్గితేనే ఈ ఒప్పందం చెల్లుతుంది” అని షరతు రాయడాన్ని ఫిఫా నియమాలు ఒప్పుకోవు. సంతకమయ్యాక మోకాలు కిర్రుమంటే ఆ మోకాలు కొన్నవాడిదే.

ఆపైన బదిలీలు నమోదు చేసే టీఎంఎస్ అనే మీ కంప్యూటరు బొక్కసం. రెండు క్లబ్బులూ ఎవరికి వారు వివరాలు ఎక్కించాలి. మొత్తం ఎంత, వాయిదాలెన్ని, ఏ తేదీకి ఏ వాయిదా, ఏ బ్యాంకు ఖాతా, అన్నీ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఒకరు వాయిదా తేదీ జులై అని, మరొకరు ఆగస్టు అని కొడితే “మ్యాచింగ్ ఎక్సెప్షన్” అని తెర మీద పడుతుంది, అక్కడికి బండి ఆగుతుంది. చివరి పేజీలో సంతకం లేకపోయినా అంతే, పాత ఒప్పందం ముగిసిందన్న రుజువు ఎక్కించకపోయినా అంతే. అన్నీ కుదిరాక కొత్త దేశపు సమాఖ్య పాత దేశపు సమాఖ్యను ఐటీసీ అడుగుతుంది, అంటే అంతర్జాతీయ బదిలీ ధ్రువపత్రం. దానికి పైసా తీసుకోకూడదు, షరతులు పెట్టకూడదు. అయితే అడగాల్సింది మాత్రం మీ తలుపు పడేలోపే. 2017లో పోర్చుగల్ మిడ్‌ఫీల్డర్ అడ్రియెన్ సిల్వా కాగితాలు 14 సెకన్లు ఆలస్యమయ్యాయని, లెస్టర్ క్లబ్బు కొనుక్కున్న మనిషిని జనవరి దాకా ఆడించుకోలేకపోయింది. పెళ్లయింది, కాపురానికి మాత్రం సంక్రాంతికి రమ్మన్నారు.

న్యాయంగా మెచ్చుకోవాల్సింది కూడా చెబుతాం. అమ్మకపు సొమ్ములో 5 శాతం, 12వ ఏడు నుంచి 23వ ఏడు దాకా ఆ పిల్లాణ్ని పెంచిన క్లబ్బులకు పంచాలన్న సంఘీభావ నియమం బంగారం లాంటిది. 15వ ఏడు వరకు ఒక్కో సీజన్‌కు పావు శాతం, 16 నుంచి అర శాతం. 60 లక్షల పౌండ్ల మీద ఆ లెక్క కడితే మొత్తం 3 లక్షలు, 16 దాటాక ఒక్కో సీజన్ విలువ 30 వేలు. అరువుకు తెచ్చుకుని ఆడించినవాళ్లకూ వాటా ఉంటుంది. అంటే 16 గోల్స్, ఒక ప్రమోషన్, ఒక కోచ్ జ్ఞాపకం, అన్నీ కలిపి మీ తక్కెడలో 30 వేల పౌండ్లు. బానే ఉంది, కిలోల లెక్కన అమ్మే కొట్టులో కవిత్వానికి ఇంతకన్నా ఏం ఇస్తారు?

ఇక 2005. ఆ జనవరిలో మీ చలికాలపు రెక్క తెరుచుకుని రియల్ మాడ్రిడ్ నుంచి ఫెర్నాండో మోరియెంటెస్‌ను లివర్‌పూల్‌కు పంపింది. పెద్ద స్ట్రైకరే. చిక్కేమిటంటే ఆ సీజన్‌లో యూరప్ మేటి క్లబ్బుల పోటీ అయిన చాంపియన్స్ లీగ్‌లో ఒక క్లబ్బుకు ఆడేసినవాడు మరో క్లబ్బుకు ఆడటానికి వీల్లేదు. ఆ నియమం 2018–19కి గానీ పోలేదు. కాబట్టి మీరు పంపిన ఘనుడు ఇస్తాంబుల్ ఫైనల్‌కు ప్రేక్షకుడు. ఆ పోటీలో అయిదు గోల్స్ కొట్టింది గార్సియా: లెవర్‌కుసెన్ మీద మూడు, యువెంటస్ మీద ఒకటి, అయిదోది మే 3న చెల్సీ మీద.

అయిదోదాని దగ్గర ఇంకాస్త నిలబడాలి. లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో, రెండు మ్యాచ్‌ల సెమీఫైనల్లో రెండో లెగ్, నాలుగో నిమిషం. తొలి లెగ్ 0–0. లివర్‌పూల్ కెప్టెన్ గెరార్డ్ ఎత్తి వేసిన బంతికి సహచరుడు మిలాన్ బారోష్ పరుగెత్తాడు, చెల్సీ గోల్‌కీపర్ పీటర్ చెక్ వచ్చి గుద్దుకున్నాడు, బంతి పక్కకు దొర్లింది. గార్సియా కాలు చాచి పొడిచాడు. గట్టిగా కొట్టలేదు, గట్టిగా కొట్టేంత చోటు లేదక్కడ. చెల్సీ డిఫెండర్ విలియం గాలాస్ వచ్చి గీత దగ్గర్నుంచి బయటికి లాగేశాడు. మొత్తం దాటిందా? అంగుళం మిగిలిందా? లైన్స్‌మన్ కన్ను దాటిందంది, రిఫరీ లుబోష్ మిఖెల్ గోల్ ఇచ్చాడు. చెల్సీ కోచ్ మౌరిన్హో దానికి దెయ్యం గోల్ అని పేరు పెట్టాడు. గోల్ కాదంటే పెనాల్టీ ఇచ్చి చెక్‌ను బయటికి పంపేవాణ్నని మిఖెల్ తర్వాత చెప్పాడు. ఆ లెక్కన చెల్సీకి దెయ్యమే నయం. ఆ ఒక్క గోల్‌తో లివర్‌పూల్ ఫైనల్‌కు వెళ్లింది, మే 25న ఏసీ మిలాన్‌తో 3–3 చేసి పెనాల్టీల్లో కప్పు ఎత్తింది.

ఇప్పుడు తమరి తెలివికి ఒక ప్రశ్న. కాగితం గీత దాటిందో లేదో సెకన్లతో సహా పట్టే టీఎంఎస్ 2010 అక్టోబరు 1 నుంచే తప్పనిసరి అయింది. బంతి గీత దాటిందో లేదో పట్టే యంత్రానికి నియమాల సంఘం ఒప్పుకున్నది 2012 జులైలో. అంటే ఈ ఆటలో బంతి కన్నా కాగితానికే ముందు న్యాయం దొరికింది. దానికి మీరు సిగ్గుపడక్కర్లేదు, కిటికీలకు ఆ అలవాటు లేదు.

2007 జనవరిలో ఆర్సెనల్‌తో లీగ్ కప్ మ్యాచ్‌లో గార్సియా మోకాలి లిగమెంట్ తెగింది. ఆ వేసవిలోనే అట్లెటికో మాడ్రిడ్ అతన్ని వెనక్కి తీసుకుంది, అటునుంచి ఫెర్నాండో టోరెస్ లివర్‌పూల్‌కు వచ్చాడు. కుట్లు మానుతున్న మోకాలిని ఎంఆర్‌ఐలో చూసి కూడా సంతకం పెట్టినవాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోవాలి. దిక్కు మళ్లింది అక్కడే. ఖాళీలో సగం తిరిగే ఆటకు కావాల్సింది వేగం కాదు, మోకాలి మీద నమ్మకం. తర్వాత శాంతాందర్, ఏథెన్స్, రెండు మెక్సికో క్లబ్బులు. చకచకా దాటేస్తున్నామంటే మీరూ అలాగే దాటించారు కాబట్టి.

ఆటకు సెలవు చెప్పిన మనిషిని 2014లో ఇండియన్ సూపర్ లీగ్ లేపి కోల్‌కతాకు మార్కీ ఆటగాడిగా, అంటే జట్టుకు ప్రధాన ఆకర్షణగా తెచ్చింది. అక్టోబరు 12న మొదలై డిసెంబరు 20న ముగిసిన లీగ్ అది. మీరు వేసవిలో తెరుచుకుని మూసుకునేంత కాలం కూడా పట్టలేదు! ముంబయి ఫైనల్‌లో కేరళ మీద ఆఖరి ఇంజురీ టైమ్‌లో గోల్ కొట్టి గెలిపించింది స్పెయిన్ నుంచి వచ్చినవాళ్లెవరూ కాదు, బెంగాల్ కుర్రాడు మహమ్మద్ రఫీక్. స్పెయిన్ గాలి మన వైపూ వీచింది లెండి: 2022 మార్చి 20న ఫటోర్డాలో హైదరాబాద్ ఎఫ్‌సీ కేరళనే పెనాల్టీల్లో ఓడించి కప్పు తెచ్చినప్పుడు కోచ్ మనోలో మార్కెజ్‌ది బార్సిలోనానే. మళ్లీ గార్సియా సంగతికొస్తే, 2016లో 37 ఏళ్ల వయసులో ఆస్ట్రేలియాలోని గాస్‌ఫర్డ్ వెళ్లి మారినర్స్‌కు ఆడాడు. ఆ తర్వాత మీ గడప తొక్కలేదు.

అసలు విన్నపం చిన్నది. టీఎంఎస్ దరఖాస్తులో ఇన్ని గడులున్నాయి కదా, ఇంకొక్కటి చేర్చండి: “ఈ ఆటగాణ్ని అడిగినవారు ఇతన్ని మొదట ఎక్కడ చూశారు?” నమూనాగా గార్సియా 2004 ఫైలుకు మేమే నింపి జతపరుస్తున్నాం. టెనెరిఫే, 2000–01, రెండో డివిజన్, అరువు మీద. అంకెలు రెండుసార్లు సరిచూశాం, చివరి పేజీలో సంతకం ఉంది, తేదీల్లో జులై ఆగస్టుల గొడవ లేదు. ఇరవై ఏళ్లు ఆలస్యమైంది. 14 సెకన్లకే ఒప్పుకోనివారు దీన్నేం చేస్తారో తమ చిత్తం.

ఇట్లు,
మీ మూసిన తలుపు ముందు వరుసలో నిలబడ్డ అభిమానులు