అంగుళం అంటే ఎంత?

నా ముందు టేబుల్ మీద మూడు వస్తువులున్నాయి. చొక్కా జేబులో పట్టేంత డిజిటల్ కెమెరా, దాని స్పెసిఫికేషన్ల కాగితం, చిన్నప్పటి జామెట్రీ బాక్సులోని 15 సెంటీమీటర్ల స్కేలు. మూడోదాని మీద నాకు ఇప్పటికీ నమ్మకం ఉంది. మిగతా రెండిటి గురించే ఈ గోడు.

కాగితంలో మొదటి లైను, "సెన్సర్: 1/2.3 అంగుళాలు". సెన్సర్ అంటే కెమెరా లోపల బొమ్మ పడే చిప్పు. ముందు ఆ అంకె చూడండి. భిన్నం, సరే. హారంలో దశాంశం ఏమిటండీ? ఐదో క్లాసులో నేనిలా రాసుంటే లెక్కల మాస్టారు బెంచీ ఎక్కించేవారు. పోనీలే, పెద్ద పెద్ద ఇంజనీర్లు, ఏదో కారణం ఉండే ఉంటుందని సర్దుకుని కాలిక్యులేటర్ తీశాను. 1ని 2.3తో భాగిస్తే 0.43 అంగుళం, అంటే 11 మిల్లీమీటర్లు. సెన్సర్ ఈ మూల నుంచి ఆ మూలకి 11 మిల్లీమీటర్లు ఉంటుందన్నమాట. ఉండదు. 7.7 ఉంటుంది. వెడల్పు 6.17, ఎత్తు 4.55. చిటికెనవేలి గోరు కింద దాక్కుంటుంది.

మరి మిగతా 3.3 మిల్లీమీటర్లు ఎవరు తిన్నారు? ఎవరూ తినలేదట. 1950లలో టీవీ కెమెరాల్లో విడికాన్ అనే గాజు గొట్టాలుండేవి, వాటిని బయటి వ్యాసంతో పిలిచేవాళ్లు. అంగుళం గొట్టంలో బొమ్మ పడే చోటు మూల నుంచి మూలకి 16 మిల్లీమీటర్లే, మిగతాదంతా గాజూ అంచూనూ. తర్వాత గొట్టాలు పోయాయి. వాటిని వాడిన కెమెరాలు పోయాయి. కొలత మాత్రం పోలేదు, పెన్షన్ తీసుకుంటూ హాయిగా ఉంది. కాబట్టి మీ సెన్సర్ సైజంటే సెన్సర్ సైజు కాదు. మీ కెమెరాలో లేని ఒక గొట్టంలో ఆ సెన్సర్‌ని కూర్చోబెడితే, ఆ లేని గొట్టం బయట ఎంత లావుంటుందో, అంత.

దీన్ని టైలర్ షాపుకి తీసుకెళ్దాం. మీరు 42 సైజు చొక్కా కుట్టమన్నారు. వారం తర్వాత వెళ్తే 29 చేతిలో పెట్టాడు.

"ఇది 42 కాదు కదయ్యా?"

"42 ఏ సార్."

మీరు టేపు పెట్టి చూపించారు. అతను జాలిగా నవ్వాడు. "అట్లా కొలవకూడదు సార్. మా తాత రోజుల్లో చొక్కాని చెక్కపెట్టెలో పెట్టి ఇచ్చేవాళ్లం. 42 అంటే ఆ పెట్టె."

"పెట్టె ఏదీ?"

"ఇంకా పెట్టెలెక్కడివి సార్, మా నాన్న టైములోనే ఆపేశాం."

"పెట్టే లేనప్పుడు..."

"పెట్టె లేకపోతే కొలత మారిపోద్దా సార్?"

మీరు ఊపిరి బిగబట్టి తొడుక్కుంటారు. మూడు బొత్తాలు పడవు. పక్క షాపుకి పరిగెత్తుతారు. వాడూ పెట్టే అంటాడు. ఎదురు షాపువాడూ పెట్టే. నలుగురూ ఒకే మాట చెప్పేసరికి, కొన్నాళ్లకి మీకే అనుమానం మొదలవుతుంది, చొక్కా బాగానే ఉందేమో, తేడా నా ఒంట్లోనే ఉందేమో అని. టైలర్ భుజం తట్టి, "పొద్దున్నే కాస్త నడవండి సార్, అదే పడుతుంది" అంటాడు.

సరే, పాపం వీళ్లకి అంగుళం ఎంతో తెలియదేమో అని క్షమించబోయాను. అదే కాగితంలో ఎనిమిది లైన్ల కింద "స్క్రీన్: 3 అంగుళాలు" అని ఉంది. మూల నుంచి మూలకి స్కేలు పెట్టి కొలిచాను. 7.6 సెంటీమీటర్లు, వెంట్రుకవాసి తేడా లేదు. అంటే తెలుసు! స్కేలు పెట్టి కొలవగలిగేది వచ్చేసరికి అంగుళం అంగుళంలాగే ఉంది. విప్పి చూడలేనిది వచ్చేసరికే గొట్టం గుర్తొచ్చింది.

ఆ స్క్రీన్ పక్కనే "9,21,600 చుక్కలు" అని గొప్పగా వేశారు. దీని గుట్టు చిన్నదే. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మూడు చుక్కలు కలిస్తే ఒక పిక్సెల్. మూడుతో భాగిస్తే 3,07,200, అంటే 640 అడ్డం, 480 నిలువు. ఇంట్లో ముగ్గురుంటే మూడిళ్లని లెక్క రాసుకున్నట్టు.

ఇక మెగాపిక్సెళ్లు, ఒక్కోటి పది లక్షల పిక్సెళ్లు. డబ్బా మీద కెమెరా బొమ్మ కన్నా పెద్దగా 20 అని ఉంది. రెండు కోట్ల పిక్సెళ్లని ఆ గోరంత జాగాలో ఇరికిస్తే ఒక్కోటి 1.2 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు). జూమ్ పూర్తిగా లాగితే ఈ కెమెరా అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు దూరే కన్నం కొలత, ఎఫ్ 6.9. అప్పుడు ఒక కాంతి చుక్క ఎంత మంచి లెన్స్‌లోంచి వచ్చినా సెన్సర్ మీద దాదాపు 9 మైక్రాన్ల మచ్చగా పరుచుకుంటుంది. అది కాంతి స్వభావం, కంపెనీతో మాట్లాడి తగ్గించుకునేది కాదు. ఒక్క మచ్చ ఏడు పిక్సెళ్లకు పైగా వెడల్పున కూర్చుంటే, ఆ రెండు కోట్లూ ఏం చేస్తున్నట్టు? ఒకే సంగతిని పక్కపక్కన నిలబడి మళ్లీ మళ్లీ చెప్తున్నాయి, అంతే. ఫైలు సైజు మాత్రం పెరుగుతుంది.

"120 రెట్ల డిజిటల్ జూమ్" గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. అసలు లెన్స్ జూమ్ 30 రెట్లు. మిగతా నాలుగు రెట్లు కత్తెర పని. బొమ్మలో పదహారో వంతు కత్తిరించి, అంటే 1.25 మెగాపిక్సెళ్లు మిగుల్చుకుని, దాన్ని సాగదీసి మళ్లీ 20 అని మనకే ఇస్తారు. (ఒక చార్జింగ్‌కి ఎన్ని ఫోటోలన్న బ్యాటరీ లెక్క ఒక్కటే కాస్త నయం. ఫోటో వదిలి ఫోటోకి ఫ్లాష్ కొట్టించి మరీ కొలుస్తారు. దాని జోలికి నేను పోను.)

ఇంతవరకూ నవ్వుకుంటూనే చదివాను. కానీ ఈ కాగితం నేను బయటికి తీసింది నవ్వుకోవడానికి కాదు.

కెమెరా మా నాన్నగారిది. మనవరాలి డాన్సు ప్రోగ్రాం కోసం కొన్నారు. వెళ్లే ముందు బ్యాటరీ రెండుసార్లు చార్జింగ్ పెట్టారు. హాల్లో చివరి వరుసలో చోటు దొరికితే, "30 రెట్లు ఉందిగా, ఎక్కడ కూర్చుంటే ఏం" అన్నారు. పాప స్టేజీ మీదకి వచ్చాక జూమ్ చివరిదాకా లాగి 60 ఫోటోలు తీశారు. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే ఎర్రగౌను ఒక ఎర్రటి మరక. ముఖం ఉండాల్సిన చోట తెల్లగా ఏదో ఉంది, కళ్లెక్కడో తెలియదు. 60కి 60 అంతే. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసి, "చెయ్యి వణికినట్టుందిరా, వయసైపోయింది" అన్నారు.

వణకలేదు. ఆ ఫోటోల్లో పాప వెనక స్టేజీ తెర ఉంది. తెర గుడ్డ మడతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. చెయ్యి వణికితే తెర కూడా చెదరాలి కదా! ఆయన చెయ్యి నిలకడగానే ఉంది, ఉన్న కాస్త వణుకుని స్టెబిలైజర్ సర్దింది. కదిలింది పాప, ఎందుకంటే డాన్సు చేసేవాళ్లు కదులుతారు. ఫైల్లో వివరాలు చూశాను. షటర్ తెరుచుకున్నది 1/30 సెకను, ఐఎస్‌ఓ, అంటే సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే అంకె, 3200. జూమ్ లాగని చోట ఈ లెన్స్ ఎఫ్ 3.3, లాగితే 6.9. సెన్సర్ మీద పడే వెలుగు నాలుగో వంతు కన్నా తక్కువకి పడిపోతుంది. అసలే చీకటి హాలు, అసలే గోరంత సెన్సర్, అందులో నాలుగో వంతు వెలుగు. షటర్ అంతసేపు తెరుచుకుని ఉండక ఏం చేస్తుంది, పాప మరక కాక ఏమవుతుంది? ఐఎస్‌ఓ పెంచితే వెలుగు పెరగదు, ఉన్న కాస్త సిగ్నల్‌తో పాటు గరగర, అంటే బొమ్మ నిండా కనిపించే చుక్కలు, కూడా పెరుగుతుంది. ఇదంతా డబ్బా రాసినవాళ్లకి తెలియదా? బ్రహ్మాండంగా తెలుసు. 30 అన్న అంకె డబ్బాకి నాలుగు వైపులా వేశారు. 6.9 అన్న అంకె లెన్స్ చుట్టూ, నలుపు మీద బూడిదరంగులో, ఆవగింజంత అక్షరాల్లో చెక్కారు. డెబ్బై ఏళ్ల మనిషి దాన్ని చదవాలి, దాని వర్గం లెక్కగట్టాలి, అంకె పెరిగితే వెలుగు తగ్గుతుందని తనే కనిపెట్టాలి. అది చేయనందుకు ఆయన తన చేతిని తిట్టుకోవాలి! సిగ్గుండాలి. "జూమ్ లాగితే వెలుగు తగ్గుతుంది, చీకట్లో కదిలేవాళ్లు స్పష్టంగా రారు" అని ఒక్క లైను రాయడానికి చోటు లేకపోయిందా? ఎప్పుడో పోయిన గాజు గొట్టానికి మాత్రం చోటు దొరికింది. ఆ డాన్సు మళ్లీ జరగదు. పాప ఇప్పుడు మూడంగుళాలు పొడుగైంది, నిజం అంగుళాలు.

ఇదంతా స్కేలు పట్టుకుని మరీ నాన్నగారికి వివరించాను. ఓపిగ్గా విన్నారు. తెర మడతలు చూపిస్తే తలాడించారు. నిన్న రాత్రి ఫోన్ చేసి, "ఇది ఎవరికైనా ఇచ్చేసి కొత్తది తీసుకుందామనుకుంటున్నానురా. నా చేతికి తేలిగ్గా ఉండేది. ఈసారి ఇంకాస్త ఎక్కువ మెగాపిక్సెళ్లున్నది చూశాను, జూమ్ కూడా 40 అట" అని లింకు పంపారు.

తెరిచాను. మొదటి లైను, "సెన్సర్: 1/2.3 అంగుళాలు".