వచ్చే ఏడాది సైబర్ ముప్పుల నివేదిక గారికి

నివేదిక గారికి,

గచ్చిబౌలిలో కంపెనీ కంప్యూటర్లకి కాపలా కాసే రాత్రి షిఫ్టు నుంచి నమస్కారాలు. సీతాఫలాలు అయిపోయి రేగుపళ్లు బండెక్కే వేళకు వచ్చే ఏడాది ఏ సైబర్ దాడులొస్తాయో చెప్పడానికి మీరు ఏటా తప్పకుండా దిగుతారు. నలభై పేజీలు, నల్ల అట్ట, అట్ట మీద ముసుగేసుకున్న కుర్రాడు, వాడి వెనక ఆకుపచ్చ అంకెల వాన. ఇన్నేళ్లుగా ఆ కుర్రాడు చీకట్లోనే టైపు కొడుతున్నాడు. ఒక ట్యూబ్‌లైటైనా ఇప్పించండి పాపం.

లోపల సరుకు మాకు కంఠతా వచ్చు. దాడులు మరింత తెలివిమీరుతాయి. ఫైళ్లకు తాళమేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ కొనసాగుతుంది. క్లౌడ్ మీద గురి పెరిగే అవకాశం ఉంది. అవునండీ, మే నెలలో ఎండలు కాసే అవకాశం కూడా ఉంది.

మిమ్మల్ని పంచాంగం అని వెక్కిరిస్తుంటారు. అది పంచాంగానికి అన్యాయం. ఉగాది నాడు పంతులుగారు ఆదాయం ఇంత, వ్యయం ఇంత, రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత అని అంకె చెప్పి మరీ కూర్చుంటారు. గ్రహణం పట్టేదీ విడిచేదీ గంటలు నిమిషాలతో ఉంటుంది. తప్పయితే డాబా ఎక్కి ఎవరైనా పట్టేస్తారు. మీ పది అంచనాల్లో ఒక్కటైనా తప్పని తేల్చే దారి ఉందా?

ఇలా రాసి చూడండి. "బయటినుంచి ఆఫీసు నెట్‌వర్కులోకి దారిచ్చే ఫలానా కంపెనీ వీపీఎన్ పెట్టెల్లో, పాస్‌వర్డ్ అడక్కుండానే లోపలికి రానిచ్చే కొత్త లోపం ఒకటి జూన్ 30 లోపు దాడుల్లో దొరికి, అమెరికా ప్రభుత్వ సంస్థ సిసా నడిపే కేఈవీకి, అంటే నిజంగా దాడుల్లో వాడిన లోపాల జాబితాకి, ఎక్కుతుంది. అవకాశం 70 శాతం." జులై 1 పొద్దున్నే లెక్క తేలిపోతుంది. జరిగితే 1 లోంచి 0.7 తీసేసి, మిగిలిన 0.3ని వర్గం చేస్తే 0.09. జరక్కపోతే 0.7 వర్గం, అంటే 0.49. ఎంత తక్కువొస్తే అంత గురి ఉన్నట్టు. వాతావరణ అంచనాలు సరిచూడటానికి గ్లెన్ బ్రయర్ 1950లో ఇచ్చిన కొలత ఇది. అన్నిటికీ 50 శాతం అని గోడ మీద పిల్లిలా కూర్చున్నా ప్రతిసారీ 0.25 దక్కుతుంది. మీకు అదీ దక్కదు. "అవకాశం ఉంది"ని వర్గం చేస్తే ఏమొస్తుందో మా కాలిక్యులేటర్‌కి తెలియదు.

ఆ పని ఒళ్లొంచి చేసేవాళ్లు మీ పక్కవీధిలోనే ఉన్నారు. సెక్యూరిటీ బృందాల ఫస్ట్ అనే సంస్థ ఈపీఎస్‌ఎస్ పేరుతో, నమోదైన ప్రతి లోపానికీ రాబోయే 30 రోజుల్లో దాని మీద దాడి జరిగే అవకాశమెంతో 0కీ 1కీ మధ్య ఒక అంకెగా, రోజూ, ఉచితంగా ఇస్తుంది. 0.9 ఉండి, ఆ పెట్టె ఇంటర్నెట్ వైపు నోరు తెరుచుకుని ఉంటే లోపం పూడ్చే ప్యాచ్ ఆ రాత్రికే. 0.01 ఉండి లోపలెక్కడో మూలన ఉంటే నెలవారీ వంతులో చూసుకోవచ్చు. అది మన దగ్గర పడితే ఎంత నష్టమో మాత్రం ఆ అంకె చెప్పదు. పేరోల్ సర్వర్ ఏదో, క్యాంటీన్ కూపన్ల సర్వర్ ఏదో మనమే గుర్తు పెట్టుకోవాలి. అట్ట మీద ముసుగు కుర్రాడు లేడు కాబట్టి బోర్డు మీటింగులో దాన్నెవరూ చూపించరనుకోండి.

మీ పాత చిట్టా విప్పుదామా? 2020లో మీ అచ్చు పని అయ్యాక డిసెంబరు 13న, సోలార్‌విండ్స్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లలోనే దొంగలు దూరిన దాడి బయటపడింది. 2021లో మీ సిరా ఆరకముందే, డిసెంబరు రెండో వారంలో లాగ్‌ఫోర్‌జే అనే జావా లైబ్రరీలో లోపం. సరిగ్గా, సర్వర్లలో ఏ మార్పూ చేయకూడదనే చేంజ్ ఫ్రీజ్ మొదలయ్యే రోజుల్లో! పైగా ఆ లైబ్రరీ తమ దగ్గరుందో లేదో చాలామందికి తెలియదు: జార్ అనే జావా మూటలో ఇంకో జార్ మూట, దాని కడుపులో మరొకటి. 2024 మార్చిలో, లినక్స్‌లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్‌లో దాచిన దొంగతలుపును పట్టింది ఏ అంచనా కాదు, దూరపు సర్వర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఎందుకు ఆలస్యమవుతోందని ఊరుకోకుండా తవ్విన ఒక ఇంజినీరు.

ఇక 2024 జులై 19. శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అది దాడి కూడా కాదు. కాపలాకి పెట్టుకున్న సెక్యూరిటీ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్. మైక్రోసాఫ్ట్ లెక్కలో 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెర వేసి పడిపోయాయి. మందు చిన్నదే: సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, సీ-00000291తో మొదలయ్యే ఫైలు తుడిచి, మళ్లీ ఆన్ చేయడం. కానీ బిట్‌లాకర్ తాళం వేసిన డిస్కు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీలు దాచిన సర్వర్ కూడా నీలితెర మీదే ఉంటే? బీరువా తాళంచెవి బీరువాలోనే. సర్వర్ లేచినా, ఆ 48 అంకెలు ఫోన్లో ఒకరు చదువుతుంటే ఇంకొకరు కొట్టాలి, ఒక్కో యంత్రం దగ్గరికీ నడిచి వెళ్లి. "రికవరీ కీల కాపీ డొమైన్‌కి, అంటే కంపెనీ సొంత సర్వర్ల గుంపుకి, బయట ఉందా?" అనే ఒక్క ప్రశ్న మీ నలభై పేజీల్లో ఎక్కడుంది?

విచిత్రమేమిటంటే, జోస్యం అక్కర్లేకుండా క్యాలెండర్‌లో రాసి ఉన్నవాటిని కూడా మీరు ముట్టుకోరు. 2026 మార్చి 15 నుంచి ఇచ్చే టీఎల్‌ఎస్ సర్టిఫికెట్ల (వెబ్‌సైటు అసలైనదేనని బ్రౌజరుకి చూపే పత్రాల) ఆయుష్షు గరిష్ఠంగా 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100, 2029 మార్చి 15 నుంచి 47. మూడు వందల సర్టిఫికెట్లున్న కంపెనీ పాత 398 రోజుల పద్ధతిలో నెలకు 23 మార్చుకుంటే సరిపోయేది. 47 రోజులకొచ్చేసరికి నెలకు 190కి పైనే. ఎక్సెల్ షీటు, ఎర్రరంగు గళ్లు, ఒక మేనేజరు గారి జ్ఞాపకశక్తి, వీటితో అది నడవదు.

ఆటోమేట్ చేశాం కదా అంటారు. స్క్రిప్టు కొత్త సర్టిఫికెట్ తెచ్చి డిస్కు మీద పెడుతుంది, దాన్ని చదువుకోమని సర్వీసుకి చెప్పే రీలోడ్ మాత్రం ఎవరూ రాయరు. డిస్కు మీద కొత్తది, మెమరీలో పాతది. కాబట్టి తనిఖీ ఫైలు మీద కాదు, బయటినుంచి, వెబ్‌సైటు తలుపైన 443 పోర్టుకి కనెక్టయి అక్కడ కనబడే తేదీ మీద చేయాలి. మొబైల్ యాప్‌లో పాత సర్టిఫికెట్‌నే నమ్మమని పిన్ చేసేసి ఉంటే, సర్వర్ మీద అంతా సవ్యంగా ఉన్నా యాప్ మూగబోతుంది. గడువు హెచ్చరికల మెయిలా? అది ఎప్పుడో మానేసి వెళ్లినవాడి ఇన్‌బాక్సులోకి శ్రద్ధగా వెళ్తూనే ఉంటుంది.

అన్నట్టు, ఆ మానేసినవాడి వీపీఎన్ ఖాతా కూడా బతికే ఉంటుంది. 2021లో అమెరికా ఇంధన గొట్టాల కంపెనీ కలోనియల్ పైప్‌లైన్‌లోకి దొంగలు దూరింది వాడకంలో లేని అలాంటి ఖాతాతోనే, రెండో గుర్తింపు అడగని తలుపులోంచి. 90 రోజులుగా వాడని ఖాతాలు తీసి చూడటం ఒక పూట పని. ఉద్యోగుల ఖాతాల చిట్టా అయిన యాక్టివ్ డైరెక్టరీలో, చివరి లాగిన్ తేదీ చూపే లాస్ట్‌లాగాన్‌టైమ్‌స్టాంప్ 14 రోజుల దాకా వెనకబడి ఉండొచ్చు, అది కలుపుకుని 104 రోజులని పెట్టుకోవాలి. లేకపోతే సెలవు మీద వెళ్లిన సీఎఫ్‌ఓ గారి ఖాతా మూసేసి మాటలు పడాల్సి వస్తుంది.

దాడి ఏ రోజుల్లో జరుగుతుందన్నదీ పెద్ద రహస్యం కాదు. 2021లో, కంపెనీల కంప్యూటర్లను దూరం నుంచి చూసుకునే సాఫ్ట్‌వేర్ కాసేయా మీద దాడి పడ్డది జులై 2న, అమెరికా వాళ్ల పండగ వారాంతం మొదలవుతుండగా. మన దగ్గరైతే సంక్రాంతికి విజయవాడ దారిలో పంతంగి టోల్‌గేటు బారు చూస్తే చాలు. మాదాపూర్‌లో ఆన్‌కాల్ ఫోను ఎవరి చేతిలో ఉందో, ఆ చేయి స్టీరింగ్ మీద ఉందో లేదో అదే చెబుతుంది.

క్వాంటం కంప్యూటర్లు నేటి డిజిటల్ తాళాలు విప్పేస్తాయని మీరు రాసిన ఆరు పేజీలు చదివాం. వాటికి లొంగని తాళాలకు అమెరికా సంస్థ నిస్ట్ ప్రమాణాలు 2024 ఆగస్టులోనే వచ్చేశాయి, మీ పేజీల్లో అవి తప్ప మిగతా అంతా ఉంది. వాట్సాప్‌లో పెళ్లిపత్రిక పేరుతో వచ్చే ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైలుకి మాత్రం అరపేజీ కూడా దక్కలేదు. అది ఇన్‌స్టాల్ కాగానే ఎస్సెమ్మెస్ అనుమతి అడుగుతుంది, పెళ్లిపిలుపుకి ఎస్సెమ్మెస్‌తో పనేమిటని ఎవరూ అడగరు, ఆపై ఓటీపీలన్నీ అటే పోతాయి. అలా డబ్బు పోయినవాళ్లు వెంటనే చేయాల్సిన నంబరు 1930. ఆ నాలుగంకెలు మీ అట్ట మీద వేస్తే ముసుగు కుర్రాడి కంటే పనికొస్తాయి.

ఈసారి రెండు కాలమ్‌లు చాలు. ఎడమవైపు పోయినేడు మీరన్నది, కుడివైపు జరిగింది. కుడివైపు ఖాళీగా ఉన్నా పంపండి.

ఇట్లు,
రాత్రి రెండు గంటల అలర్టుల మధ్య, చల్లారిన చాయ్ ముందున్నవాళ్లు

తా.క.: మీ కొత్త ప్రతి వచ్చింది. పంపినవాళ్లెవరో తెలియదు, పొట్టి లింకు, "24 గంటల్లో తెరవండి" అని ఎర్రక్షరాలు, పేరూ హోదా ఫోన్ నంబరూ అడిగే ఫారం. మా ఫిల్టరు దాన్ని క్వారంటైన్‌లో వేసింది. విడిపించమని ఇంతవరకు ఎవరూ టికెట్ వేయలేదు.