నా గుడ్లగూబకి గాటు ఉంది, అయితే ఏంటి?

మొన్న మా ఇంటికి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఆయనకీ పాత నాణేల పిచ్చే. నా ఏథెన్స్ వెండి నాణేన్ని కళ్లద్దాలు సవరించుకుని చూసి, "అయ్యో, గాటు పడిందండీ! చెడిపోయిన పీసు అంటగట్టారు మీకు" అన్నాడు. అప్పట్నుంచీ కడుపు మండుతోంది. కక్కేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

అది టెట్రాడ్రాక్మ్, అంటే నాలుగు ద్రాక్మాల నాణెం. ద్రాక్మా అంటే పాతకాలం గ్రీకుల డబ్బు. క్రీ.పూ. 5వ శతాబ్దం రెండో సగంలోది. మన పది రూపాయల బిళ్ల కంటే వెడల్పు తక్కువే, కానీ బరువు 17 గ్రాములు, రెండింతల పైమాటే. బొమ్మ వైపు ఆ ఊరి దేవత ఏథీనా. ముఖం పక్కకి తిరిగి ఉన్నా కన్ను మాత్రం నేరుగా మనల్నే చూస్తుంది. చెక్కడం చేతకాక కాదు. అదే ఊళ్లో అప్పుడు పార్థెనాన్ గుడి శిల్పాలు చెక్కుతున్నారు! ఈజిప్టు దాకా వర్తకులు నమ్మిన ముఖం అది, దాన్నెందుకు మారుస్తారు? బొరుసు వైపు గుడ్లగూబ, ఆలివ్ రెమ్మ, చిన్న నెలవంక, పక్కన మూడు గ్రీకు అక్షరాలు. నడిమి అక్షరం థీటా, గుండ్రంగా మధ్యలో చుక్కతో, తలకట్టు తీసేసిన మన 'ఠ' లాగే ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది.

ఇక గాటు సంగతి. గుడ్లగూబ తల పక్కన ఉలితో కొట్టిన లోతైన గీత. అప్పట్లో దొంగ నాణేలు కొల్లలు. రాగి ముద్దకి వెండి రేకు తొడిగి అచ్చు గుద్దేవాళ్లు. పైకి చూస్తే తెలీదు. అందుకే పుచ్చుకునేవాడు ఉలి పెట్టి ఒక్కటి కొట్టి, లోపల కూడా వెండేనా అని చూసుకునేవాడు. ఏథెన్స్‌లో అయితే దీనికి చట్టమే ఉంది, క్రీ.పూ. 375లో చేసింది. రాతి మీద చెక్కిన ఆ చట్టం 1970లో అక్కడి పాత సంత తవ్వకాల్లో దొరికింది. నాణేలు పరీక్షించడానికి సంతలో ఒక ప్రభుత్వ బానిస కూర్చునేవాడు. లోపల రాగో సీసమో కనిపిస్తే అక్కడికక్కడే దాన్ని నరికి, దేవతల తల్లికి సమర్పించాలి. పనిలో అలసత్వం చేస్తే ఆ బానిసకి 50 కొరడా దెబ్బలు. అతను మంచిదన్న నాణేన్ని కాదన్న వ్యాపారికి ఆ రోజు అమ్మకానికి పెట్టిన సరుకంతా జప్తు!

నా నాణేన్ని కొట్టింది ఎక్కడో, ఎవడో నాకు తెలీదు. కానీ వాడికి అనుమానం వచ్చింది, కొట్టి చూశాడు, లోపల తెల్లగా మెరిసింది, తీసుకున్నాడు. ఇది చెడిపోవడమా?

కానీ ఇప్పటి మోజు వేరు. నలగని నాణెం కావాలి, ఏథీనా శిరస్త్రాణం మీది కుచ్చు మొత్తం అచ్చులో పడాలి, దాన్ని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో బిగించి అచ్చుకి అయిదుకి ఎంత, పైభాగానికి అయిదుకి ఎంత అని మార్కులు వేయించాలి. అలా మార్కులేసిన నాణెం ఒకటి నేనూ కొన్నాను లెండి, దాచుకోను. అంచు తాకలేం, బరువు తెలీదు. బజార్లో చేతులు మారడానికే పుట్టినదాన్ని ఆవకాయ జాడీలా మూత బిగించి పెట్టుకోవడం ఏం ముచ్చట? మూడు నెలలకే డబ్బా పగలగొట్టాను.

అందానికి నేను వ్యతిరేకిని కాను. సిసిలీ దీవిలోని గ్రీకు నగరం సిరక్యూస్‌లో కిమోన్, యువైనెటోస్ అనే అచ్చులు చెక్కే కళాకారులు తమ పేర్లు చెక్కుకున్న పది ద్రాక్మాల నాణేలు చూస్తే ఎవరికైనా మతి పోతుంది. కానీ గుడ్లగూబ అలంకారానికి పుట్టింది కాదు. ఏథెన్స్ దగ్గరి లారియాన్ గనుల్లో బానిసలు తవ్విన వెండి అది. క్రీ.పూ. 483లో అక్కడ కొత్తగా పడిన వెండిని జనానికి పంచేద్దామంటే, ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లీస్ వద్దని యుద్ధ ఓడలు కట్టించాడు. మూడేళ్లకి సలామిస్ దీవి దగ్గర పర్షియా నౌకాదళాన్ని ఓడించింది ఆ ఓడలే. ఏథెన్స్‌లో ఎరెక్థియాన్ గుడి కట్టినవాళ్లకి రోజు కూలి ఒక ద్రాక్మా. అంటే నా చేతిలో ఉన్నది ఎవరో తాపీవాడి నాలుగు రోజుల చెమట.

"దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు" అని ఇంట్లో నన్ను దెప్పుతుంటారు. ఆ దమ్మిడీ కూడా ద్రాక్మా మనవరాలే. ద్రాక్మా ద్రమ్మమై, దామ్ అయి, దమ్మిడీగా మనదాకా వచ్చింది.

మా అమ్మకి ముందు గుడ్లగూబ అనగానే కోపం వచ్చింది. "డబ్బు పోసి మరీ గూబని ఇంట్లోకి తెస్తావురా?" అంది. తర్వాత చేతిలోకి తీసుకుని, బొటనవేలితో ఆ గాటుని తడిమి, "కంసాలి చూసిన వెండే" అని తిరిగిచ్చేసి, పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పరిగెత్తింది.