అమ్మానాన్నలకూ కారులో చోటు

పోయిన డిసెంబరులో శాలిహుండం కొండ ఎక్కుతూ మా అమ్మ మధ్యలో ఆగింది. కింద వంశధార, ఇసుక తిన్నెలు, అవతల పచ్చగా పొలాలు. కాసేపు చూసి, "ఇంత దగ్గర్లో ఉందా ఇది!" అంది. అమ్మ పెళ్ళయి శ్రీకాకుళం వచ్చి 47 ఏళ్ళు. ఈ 47 ఏళ్ళలో కాశీ వెళ్ళింది, తిరుపతి నాలుగుసార్లు వెళ్ళింది, అమెరికాలో మా ఇంట్లో రెండు విడతలుగా ఏడాది ఉంది. ఇంటికి ఇంత దగ్గరున్న ఈ బౌద్ధ స్తూపాల దగ్గరికి మాత్రం ఎవరూ తీసుకురాలేదు. నేనూ తీసుకురాలేదు. ఆ సంగతి నాకు అక్కడే గుచ్చుకుంది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

అమెరికాలో ఉండే మనం ఊరికి వెళ్ళినప్పుడు రోజులు ఎలా గడుస్తాయో గుర్తు చేసుకోండి. మూడు వారాల సెలవు. అందులో సగం చుట్టాల ఇళ్ళలో భోజనాలు. మిగిలిన సగంలో బ్యాంకు పని, పొలం కాగితాలు, పళ్ళ డాక్టరు, దర్జీ. పిల్లలకు ఏదైనా చూపించాలని తోస్తే కేరళకో ఆగ్రాకో విమానం టికెట్లు కొంటాం. ఆ నాలుగు రోజులూ అమ్మానాన్నలు ఇంటికి కాపలా. తిరిగి వచ్చేసరికి అమ్మ పనసపొట్టు కూర చేసి ఉంచుతుంది. మనం సెలవు మీద వచ్చాం, నిజమే. ఆ మూడు వారాలూ ఆవిడకు మాత్రం సెలవన్నదే లేదు.

నేను కోరేది ఒక్కటే. ఊళ్ళో గడిపే రోజుల్లో నాలుగింటిని పక్కకు తీసి, పిల్లలనూ పెద్దవాళ్ళనూ కలిపి సొంత జిల్లా చూడడానికి కేటాయించండి. ఆ నాలుగు రోజులకు ముందుగానే తేదీలు వేసి, విమానం టికెట్లు కొన్న రోజే ఇంటికి ఫోను చేసి చెప్పండి. తేదీ లేని మాట పెళ్ళి పిలుపుల్లో కొట్టుకుపోతుంది.

"మేమెందుకమ్మా, మీరు వెళ్ళి రండి" అనే మాట తప్పకుండా వినిపిస్తుంది. దాన్ని అక్కడితో వదిలేయకండి. ఆ మాట వెనక మూడు భయాలు ఉంటాయని నాకు ఆలస్యంగా తెలిసింది. మోకాళ్ళు, ఖర్చు, మరుగుదొడ్డి. మూడోది ఎవరూ పైకి చెప్పరు. మా అమ్మ ప్రయాణం ఉందంటే ముందురోజు రాత్రి నుంచే మంచినీళ్ళు మానేస్తుందని మా అప్ప చెప్పేదాకా నాకు తెలియదు. వెనక సీట్లో టిఫిన్ క్యారియరు ఒళ్ళో పెట్టుకుని, ఇద్దరు పిల్లల మధ్య ఇరుక్కుని, నోరు ఎండబెట్టుకుని కూర్చునే మనిషి "నాకు ప్రయాణాలు పడవు" అనక ఇంకేమంటుంది?

జాతీయ రహదారి మీద పెద్ద పెట్రోలు బంకులు ఉంటాయి కాబట్టి కొంత నయం. లోపలి రోడ్లలో అదీ లేదు. అందుకు మేము కనిపెట్టిన ఉపాయం చుట్టాలే. శ్రీముఖలింగం శివాలయానికి వెళ్ళేటప్పుడు నరసన్నపేటలో పిన్ని ఇంట్లో ఆగాం. పక్షులు వచ్చే తేలినీలాపురం వెళ్ళేటప్పుడు టెక్కలిలో మేనమామ ఇంట్లో ఆగాం. కాఫీ తాగాం, అమ్మ మొహమాటం లేకుండా కాళ్ళు కడుక్కుంది, చూడవలసిన చుట్టాలనూ చూసినట్టయింది. భోజనానికి కాదు, అరగంట కూర్చోవడానికే వస్తున్నామని ముందే చెప్పాలి. లేకపోతే కోడిని కోసేస్తారు, ఆ రోజు అక్కడే అయిపోతుంది.

రోజుకు ఒక్క చోటు చాలు. ఈ విషయంలో నేను మొండిగా ఉంటాను. అరసవల్లి సూర్యదేవాలయం, శ్రీకూర్మం గుడి, కళింగపట్నం తీరం ఒకే పూటలో చుట్టేసే కారు బేరాలు ఉంటాయి. అలా వెళితే పిల్లలకు చెప్పులు విప్పడం, వేసుకోవడం తప్ప ఏమీ గుర్తుండదు. శ్రీకూర్మంలోనే ఒక ఉదయం గడపండి. విష్ణుమూర్తి కూర్మరూపంలో పూజలందుకునే ఇలాంటి గుడి చాలా అరుదు. రెండు ధ్వజస్తంభాలు ఎందుకున్నాయని మా అబ్బాయి అడిగితే, స్వామి పడమటి ముఖంగా ఉంటాడు కనుక అటొకటి, ఇటొకటి అని వాడి తాతగారు గుడి చుట్టూ తిప్పి చూపించారు. గోడల మీది పాత చిత్రాల ముందు మా అమ్మాయి చాలాసేపు నిలబడిపోయింది. అక్కడ పెంచే నక్షత్ర తాబేళ్ళ సంగతి సరేసరి, పిల్లలను కదిలించలేకపోయాం.

విమాన ప్రయాణం వల్ల పిల్లలు మొదటి వారం తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు. వాళ్ళను మళ్ళీ పడుకోబెట్టాలని తంటాలు పడకండి, బయలుదేరండి. పెద్దవాళ్ళు ఎలాగూ నాలుగింటికి లేస్తారు. ఇంట్లో అందరి గడియారాలూ కలిసేది ఆ వారమే. సూర్యోదయానికి కళింగపట్నం తీరంలో ఉండవచ్చు. దీపస్తంభం, వంశధార సముద్రంలో కలిసే చోటు, ఒకప్పుడు అక్కడ రేవు ఉండేదని మా నాన్న చెప్పే కబుర్లు. నీళ్ళలోకి మాత్రం మోకాలి లోతు దాటి దిగనివ్వకండి. అక్కడి అలల తీరు ఈతకొలనులో నేర్చిన పిల్లలకు తెలియదు. అరసవల్లికి ఆదివారం తప్ప మరే రోజైనా వెళ్ళండి. ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని ఉదయాలు సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. మబ్బు పడితే అది కనిపించదు, కాబట్టి దానికోసమే టికెట్లు కొనకండి.

కాలం గురించి ఒక మాట. అమెరికా బడుల వేసవి సెలవులను బట్టి మనలో చాలామంది జూన్, జూలైలలో వెళతాం. ఆంధ్రలో బడులు జూన్ రెండో వారంలోనే తెరుస్తారు. మన పిల్లలు వెళ్ళేసరికి అక్కడి బావలు, వదినలు పొద్దున్నే పుస్తకాల సంచీ తగిలించుకుని వెళ్ళిపోతారు. తాటిముంజెల కాలం దాటిపోతుంది, ఉక్క మాత్రం ఉంటుంది. పిల్లలు చిన్న తరగతుల్లో ఉండగా ఒక్కసారైనా డిసెంబరు మూడో వారం నుంచి సంక్రాంతి దాకా ఉండేలా బడికి సెలవు చీటీ రాయండి. ధనుర్మాసపు ముగ్గులు, హరిదాసు, భోగి మంట, చల్లటి పొద్దులు. నెలరోజుల పాఠాలు ఎలాగైనా పూడ్చుకోవచ్చు, ఆ నెల మాత్రం మళ్ళీ రాదు.

తేలినీలాపురం చూడడానికీ అదే సమయం. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊళ్ళోని చింతచెట్ల మీదే గూళ్ళు పెట్టి పిల్లల్ని సాకుతాయి. పుట్టింటికి పురిటికొచ్చిన ఆడపిల్లల్లా వాటిని చూసుకుంటామని ఊరివాళ్ళు అంటారు. ఆ మాట విన్నాక నేను కాసేపు ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.

ఖద్దరుకు పేరుపడ్డ పొందూరుకు మాత్రం తప్పకుండా వెళ్ళండి. దుకాణంలో చీర కొని వచ్చేయకుండా, ముందుగా కనుక్కుని, నూలు వడికే ఇళ్ళకు వెళ్ళండి. వాలుగ చేప దవడ ఎముక, దాని సన్నని పళ్ళతో పత్తిని దువ్వి శుభ్రం చేస్తారు. వడకడానికి సిద్ధం చేసిన ఏకులను ఎండిన అరటి దవ్వలో చుట్టి ఉంచుతారు. చేప పళ్ళతో బట్ట తయారవుతుందని మా అమ్మాయి తన తరగతిలో చెబితే మొదట ఎవరూ నమ్మలేదట, ఫొటో చూపించింది. వాళ్ళ పని సమయం తీసుకుంటున్నాం కనుక అక్కడ నూలో బట్టో కొనడం మర్యాద.

మా అత్తవారిది విజయనగరం. అక్కడ పిల్లలను గురజాడ నివసించిన ఇంటికీ, 1919లో ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రధానాచార్యుడిగా మొదలైన సంగీత కళాశాలకూ మామయ్యగారు నడిపించి తీసుకెళ్ళారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తున్నప్పుడు రాలే పొట్టు వాసన మా అబ్బాయికి ఇప్పటికీ గుర్తుంది. అక్కడ చిన్న బొమ్మ వీణలు దొరుకుతాయి, పెట్టెలో సులువుగా పడతాయి. విజయనగరంలో పైడితల్లమ్మ జాతర, అంటే సిరిమానోత్సవం, విజయదశమి తరువాతి మంగళవారం. దానికి వెళ్ళాలనుకుంటే ఎవరిదైనా డాబా ముందుగానే మాట్లాడుకోండి, చంటిపిల్లలతో జనంలోకి దిగకండి. అక్టోబరు తుపాన్ల కాలం కూడా, ఒకటి రెండు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి.

హైదరాబాదు నుంచి రైలులో వచ్చేవాళ్ళకు రిజర్వేషన్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నారు, పాత లెక్క ప్రకారం 120 రోజులనుకోకండి. శ్రీకాకుళం రోడ్ స్టేషను ఆమదాలవలసలో ఉంది, ఊళ్ళోకి వాహనం చూసుకోవాలి. విశాఖ విమానాశ్రయం నుంచి కారులో రెండున్నర, మూడు గంటలు. పసిపిల్లల సీటు ఇక్కడి నుంచే తీసుకెళ్ళండి, అద్దె కార్లలో ఉండదు. డ్రైవరు భోజనం, విశ్రాంతి మీ లెక్కలోనే వేసుకోండి. బయటికి వెళ్ళే రోజు ఇంట్లో వంట లేదని ముందురోజే తేల్చండి. ఇడ్లీలు హోటలువి తింటే ఎవరికీ ఏమీ కాదు.

ఈ డిసెంబరుకు కూడా నాలుగు రోజులు రాసిపెట్టాం. మొదటి రోజు శ్రీముఖలింగం, దారిలో గిడుగు రామమూర్తి 1863లో పుట్టిన పర్వతాలపేట. ఏటా ఆగస్టు 29న ఇక్కడి మన తెలుగు సంఘంలో ఆయన పటానికి దండ వేస్తాం, ఆ ఊరు మాత్రం నేను ఇంకా చూడలేదు. నాన్న అప్పుడే డ్రైవరుతో మాట్లాడారు. ఈసారి ముందు సీటు తనదని అమ్మ ఫోనులోనే చెప్పేసింది.