పోలండ్‌ను గంట రేటుతో కొలవవద్దు

ఐటీ పనులను యూరప్‌లో ఏ దేశానికి అప్పగించాలన్న చర్చ వచ్చినప్పుడల్లా పోలండ్ పేరు మొదటి వరుసలోనే వినిపిస్తుంది. బ్రిటన్, జర్మనీ దేశాల్లోని బ్యాంకుల్లో, బీమా సంస్థల్లో, టెలికాం కంపెనీల్లో డెలివరీ (ఐటీ పనులను పూర్తి చేయించి అప్పగించే) బాధ్యతలు చూస్తున్న మన తెలుగువారిలో కొందరు ఇప్పుడు ఆ నిర్ణయం చేసే స్థానాల్లో ఉన్నారు. ఇలాంటి ప్రతిపాదనల్లో తొలి పట్టిక తరచుగా ఒకటే: హైదరాబాద్‌లో ఇంజనీరుకు గంటకు ఎంత, పోలండ్ నగరం క్రాకోవ్‌లో ఎంత, లండన్‌లో ఎంత. కేవలం ఆ పట్టికను బట్టి నిర్ణయిస్తే పోలండ్‌కూ హైదరాబాద్‌కూ కూడా అన్యాయం చేసినట్టేనని నా గట్టి అభిప్రాయం.

పోలండ్ 2004 మే 1న యూరోపియన్ యూనియన్‌లో చేరింది. ఆ తరువాత చాలాకాలం పడమటి యూరప్ కంపెనీలకు అది దగ్గరలో దొరికిన చౌక దేశం. ఆ కాలం ముగిసింది. 2015లో నెలకు 1,750 జ్లోటీలు (పోలండ్ కరెన్సీ) ఉన్న కనీస వేతనం 2025 నాటికి 4,666కు చేరింది. ఇంజనీర్ల జీతాలకు ఇది కొలమానం కాకపోయినా, ఖర్చులు ఏ దిశగా నడుస్తున్నాయో దీనిని బట్టి తెలుస్తుంది. పైగా అక్కడ యూరో చెలామణిలో లేదు కాబట్టి, ఒప్పందంలో ధరను ఏ కరెన్సీలో రాస్తున్నామో, మారకపు నష్టం ఎవరు భరించాలో ముందే తేల్చుకోవాలి.

మనుషుల సంఖ్యలోనూ పరిమితి ఉంది. నాలుగు కోట్లకు లోపు జనాభా గల దేశమది, జననాలు తగ్గుతూ వస్తున్నాయి. పొరుగు దేశమైన బెలారస్ నుంచి నిపుణులను రప్పించేందుకు 2020లో ప్రారంభించిన ప్రత్యేక వీసా పథకాన్ని 2024 జనవరిలో నిలిపివేశారు. హైదరాబాద్‌లో మాదిరిగా కొద్ది నెలల్లో వందల మందిని చేర్చుకోవాలనుకునే ప్రాజెక్టుకు పోలండ్ తగినది కాదు.

మరి దేనికి తగినది? అక్కడి గణిత సంప్రదాయం చాలా బలమైనది. జర్మన్ ఎనిగ్మా యంత్రపు సంకేతాలను 1932 చివర్లో తొలిసారి ఛేదించిన మరియన్ రెయెవ్‌స్కీ పోజ్నాన్‌లో చదివిన గణితవేత్త. వార్సా విశ్వవిద్యాలయం 2003లో, మళ్లీ 2007లో అంతర్జాతీయ ప్రోగ్రామింగ్ పోటీ ఐసీపీసీలో విజేతగా నిలిచింది. పని కూడా ఒకే నగరంలో పోగుపడలేదు. వార్సా, క్రాకోవ్, వ్రోత్స్వావ్, గ్డాన్‌స్క్ నగరాలు దేనికదే ఒక కేంద్రం. మన దేశపు ఇన్ఫోసిస్ కూడా 2007లో ఫిలిప్స్ కార్యకలాపాలను తీసుకొని వూచ్ నగరంలో అడుగుపెట్టింది.

వేళలు కూడా కలిసి వస్తాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌తో పూర్తిగా, లండన్‌తో ఒక గంట తేడాతో పనిదినం నడుస్తుంది. క్లయింటు జర్మనీ వంటి యూరోపియన్ యూనియన్ దేశంలో ఉంటే వినియోగదారుల వ్యక్తిగత సమాచారం యూనియన్ హద్దు దాటదు. అదే సమాచారాన్ని భారత్‌కు పంపాలంటే ప్రామాణిక ఒప్పంద నిబంధనల (యూరోపియన్ కమిషన్ ఆమోదించిన నమూనా షరతుల) వంటి ఏర్పాటు కావాలి, 2020 జూలై నాటి యూరోపియన్ న్యాయస్థానం తీర్పు తరువాత బదిలీ వల్ల కలిగే ప్రమాదాన్ని కూడా అంచనా వేయాలి. కాబట్టి నియంత్రణ కట్టుదిట్టంగా ఉన్న సమాచారం, రోజూ క్లయింటుతో కూర్చొని తేల్చవలసిన డిజైన్ పనులు పోలండ్‌కు సరిగ్గా సరిపోతాయి. ఇరవై నాలుగు గంటల సపోర్టు, పెద్ద బృందాలు కావలసిన పనులు హైదరాబాద్‌లో ఉండటమే మేలు. అయితే హైదరాబాద్‌ను అంతటితో ఆపడం తప్పు. ఒక ఉత్పత్తి బాధ్యతను మొదటినుంచి చివరిదాకా మోయగల సీనియర్లు అక్కడ ఉన్నారు, గంట రేటు పట్టికలో మాత్రం వారు ఎక్కడా కనిపించరు.

నివేదికల్లో చోటు దక్కని విషయం ఒకటుంది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే. పోలండ్ బృందంలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఇంజనీర్లు చట్టం దృష్టిలో పూర్తిగా వేరు కావచ్చు. ఒకరు కార్మిక చట్టం కింద ఉద్యోగి. మూడేళ్లు నిండితే నోటీసు మూడు నెలలు. సెలవులు ఏడాదికి 20 రోజులు, పదేళ్ల సర్వీసు నిండితే 26. డిగ్రీ చదువుకే ఎనిమిదేళ్ల సర్వీసు లెక్కిస్తారు కనుక పట్టభద్రుడు రెండేళ్లలోనే 26కు చేరుతాడు. మరొకరు బీటూబీ పద్ధతిలో సొంత పేరుతో వ్యాపారం నమోదు చేసుకొని నెలనెలా ఇన్వాయిస్ పంపే వ్యక్తి. ఆయనకు సెలవైనా నోటీసైనా ఒప్పందంలో రాసుకున్నంతే. పన్ను తక్కువ పడుతుందని చాలామంది నిపుణులు ఈ దారినే ఎంచుకుంటారు.

తేడా సెలవులతో ఆగదు. ఉద్యోగి తన విధుల్లో భాగంగా రాసిన ప్రోగ్రాముపై ఆర్థిక హక్కులు, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, కాపీరైట్ చట్టం ప్రకారం నేరుగా యజమానికి చెందుతాయి. బీటూబీ ఇంజనీరు రాసిన కోడు అలా రాదు; ఏయే వినియోగాలకు హక్కు బదిలీ అవుతున్నదో పేర్కొంటూ లిఖితపూర్వక ఒప్పందం ఉండాలి. ఆ ఒక్క పేజీ లేకపోతే డబ్బు చెల్లించి రాయించుకున్న కోడు మీద మన క్లయింటుకు హక్కు సందేహంలో పడుతుంది. అందుచేత ఈ నిర్ణయాలు చేస్తున్న మన తెలుగువారిని నేను కోరేదేమంటే, రేటు గురించి బేరమాడే ముందు బృందాన్ని సమకూర్చే సంస్థ నుంచి బృందంలో ఎవరు ఉద్యోగులో, ఎవరు బీటూబీలో ఉన్నారో జాబితా తెప్పించుకోండి. ఒక్కొక్కరి నోటీసు వ్యవధిని, హక్కుల బదిలీ పత్రాన్ని న్యాయవాదికి చూపించిన తరువాతే సంతకం చేయండి.