క్లాక్ టవర్ కాడ తిమింగలం

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌లో ఈ మధ్య ఓ తిమింగలం వెలిసింది. ఫ్లెక్సీ మీద లెండి. దాని పక్కనే వీపున సిలిండర్, ముఖానికి అద్దాల మాస్కుతో మన సముద్ర వీరుడు. అండమాన్ పోయి, స్కూబా డైవింగ్ నేర్చి, కార్డు పట్టుకొని వచ్చాడట. ఆ శుభ సందర్భంగా 'సముద్ర పరిరక్షణ సదస్సు, ఘన సన్మానం'. కింద వరుసగా అభినందించే తలకాయలు. చెరువులో మోకాలి లోతుకు దిగమన్నా ముహూర్తం అడిగే బాపతు.

ముందు ఫ్లెక్సీ సంగతి తేల్చాలి. ఫ్లెక్సీ అంటే పీవీసీ. వంద మైక్రాన్ల కన్నా పల్చటి పీవీసీ బ్యానర్లను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. అలంకరణ థర్మాకోల్, ప్లాస్టిక్ గ్లాసులు, స్ట్రాలు, బెలూన్ల పుల్లలు, మిఠాయి డబ్బాకు చుట్టే పల్చటి కవరు, అన్నీ ఆ జాబితాలోవే. నిర్వాహకులు ఆ జాబితాను శ్రద్ధగా చదివారని నా గట్టి నమ్మకం. చదవకుండా ఒక్కటీ విడువక అన్నీ ఒకే ఫంక్షన్ హాల్లోకి ఎట్లా తేగలరు? వెనక థర్మాకోల్ డాల్ఫిన్. పైన బెలూన్లు. ప్లాస్టిక్ మింగి తాబేళ్లు చస్తున్నాయని వీరుడు గద్గద స్వరంతో చెప్తుంటే ముందు వరుస పెద్దలు చలించిపోయి, గొంతు తడుపుకోవడానికి తలా ఓ వాటర్ ప్యాకెట్ చింపారు.

ఇక ఫ్లెక్సీ మీది ఆ ఫొటో. పగడాల దిబ్బ మీద రెండు కాళ్లూ ఆనించి, బొటనవేలు పైకెత్తి నిలబడ్డాడు. డైవర్ల సైగల్లో అంతా బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. బొటనవేలెత్తితే 'పైకి పోదాం' అని. నిజానికి ఆ సైగ చేయాల్సింది కాళ్ల కింద నలుగుతున్న పగడం. అది రాయి కాదు, ప్రాణుల కాపురం. దిబ్బలు కట్టే గుండ్రటి రకాలు ఏడాదికి పెరిగేది దాదాపు ఒక సెంటీమీటరు. వన్యప్రాణి సంరక్షణ చట్టం పులిని పెట్టిన మొదటి షెడ్యూల్లోనే రాతి పగడాలనూ పెట్టింది. అమ్రాబాద్ అడవిలో పులినెక్కి ఫొటో దిగినవాడికి మనం శాలువా కప్పుతామా? పులే ఆ అవకాశం ఇవ్వదనుకోండి.

డైవర్లంతా ఇట్లాంటివారే అంటే పాపం తగుల్తుంది. పనిచేసే డైవర్ మొదట్లోనే నేర్చేది అడుగు తాకకుండా నీటి మధ్య నిలవడం. తెగిపోయి అడుగున పడ్డ వలలు ఎవరూ లాగకున్నా చేపల్ని పడుతూనే ఉంటాయి. వాటిని కోసి పైకి తెస్తారు. 2011 నుంచి 'డైవ్ అగైనెస్ట్ డెబ్రీ' అనే సముద్రపు చెత్త ఏరే కార్యక్రమం కింద స్వచ్ఛందంగా మునిగేవాళ్లు తీసిన చెత్తను రకం వారీగా లెక్క రాసి పంపుతున్నారు. తెల్లబడ్డ పగడాలను గుర్తించి శాస్త్రవేత్తలకు చెప్తున్నారు. వాళ్లకు ఫ్లెక్సీలు ఎవరూ కట్టరు.

మన వీరుడికి కూడా లెక్క రాసే ఉత్సాహం ఉంటే అంత దూరం పోవడం ఎందుకు? మూసీ ఉంది. హైదరాబాద్ కడుపులోది మోసుకొని, వలిగొండ మీదుగా పాత నల్లగొండ జిల్లా అంతా తిరిగి, వాడపల్లిలో కృష్ణలో కలుస్తుంది. కృష్ణ పోయేది హంసలదీవికి, సముద్రానికే. కాబట్టి తదుపరి శిక్షణ శిబిరం మూసీలో పెట్టాలని నా విన్నపం.

"అన్నా, నీళ్లల్ల తేలుడెట్ల?"

"నేర్వుడెందుకురా, ఆ నురుగు మీద పండు, అదే మోస్తది."

"లోపల ఎంత దూరం కనవడ్తది?"

"నీ చెయ్యి నీకు కనవడ్తుందా?"

"లేదన్నా."

"ఇయ్యాల నీళ్లు మంచిగున్నట్టు."

జీవవైవిధ్య సర్వేలో చెప్పులు ఎక్కువగా నమోదవుతాయి, అన్నీ ఎడమకాలివే. షాంపూ ప్యాకెట్లు గుంపులుగా సంచరిస్తాయి. అరుదుగా ప్లాస్టర్ గణపతి తొండం. జంటగా మునగాలన్న నియమం ఉంది గనక వీరుడు పక్కవాడి భుజం వదలకుండా పైకి వస్తాడు; తీరా చూస్తే అది ఎవరో పారేసిన పరుపు. అసలు జంటగాడు ఇంకో పరుపుతో అవతలి గట్టున తేలి, 'సార్ బాగున్నారా' అని దాన్ని అడుగుతుంటాడు. ముఖ్య అతిథి కారు దిగకుండానే, అద్దం దించకుండానే, ప్రారంభోత్సవం చేస్తారు.

అద్దం దించకపోవడం ఆయన తెలివి. ఆ నీళ్లలోనే మా ఆడోళ్లు ఒంగి నాట్లేస్తున్నారు. సముద్రంలో అరగంట మునిగేవాడికి రబ్బరు సూటు, రబ్బరు బూట్లు, చేతి తొడుగులు. పొద్దుగూకే దాకా మూసీ మడిలో నిలబడే మనిషికి బోసి కాళ్లు. దురదలు, పుండ్లు, ఆర్‌ఎంపీ దగ్గర మలాము. ఎన్నేండ్ల నుంచి మొత్తుకుంటున్నారు! ఈ సదస్సుల వీరుల్లో వినడానికి ఒక్కడు రాలేదు. వాళ్ల కాళ్ల మీద సదస్సు పెట్టరేం? తాబేలు కాదనా? గద్గద స్వరం వలిగొండ దాకా ఎందుకు రాదురా?

వచ్చే నెల 'సాగర హారతి' ఉందట, చందా కోసం తిరుగుతున్నారు. నేనిస్తా. ఒకటే షరతు. ఆ పైసలతో వాగులోకి పోయే మోరీకి అడ్డంగా ఇనుప జాలి పెట్టించండి. జాలికి పైన మీ పేర్లు, ఫొటోలు, కావాలంటే తిమింగలాన్ని కూడా తగిలించుకోండి. వారానికోసారి దాన్ని ఖాళీ చేయడానికి మాత్రం వీరుడే దిగాలి. సూటు ఉంది కదా. పారా, తట్ట నేను కొనిస్తా.