చేసినది తెలియాలి

కృతజ్ఞత అన్న మాటకు అర్థం చేసినది తెలిసి ఉండటం. రోజంతా ఉద్యోగంలో నలిగి ఇంటికొచ్చిన మనిషికి ఈ అర్థం పెద్ద ఊరట. ఒంట్లో ఓపిక లేని వేళ ప్రేమ పొంగించుకోమంటే ఎవరి వల్లా కాదు. ఇంట్లో ఏమేం జరిగిందో ఒకసారి చూడమంటే మాత్రం అవుతుంది. భార్యాభర్తల మధ్య లోటు చాలావరకు ఈ చూపు దగ్గరే మొదలవుతుందని నా నమ్మకం.

1979లో మైఖేల్ రాస్, ఫియోరె సికోలీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దంపతులను విడివిడిగా, ఇంటి పనుల్లో మీ వాటా ఎంత అని అడిగారు. ఇద్దరూ చెప్పింది కలిపితే ఎక్కువ పనుల్లో నూటికి నూరు దాటిపోయింది. గొప్పలు పోవడమే కారణమనుకోవడానికి లేదు. గొడవలకు కారణమయ్యేది ఎవరంటే అక్కడా తమ వాటా ఎక్కువే చెప్పుకున్నారు. మనం చేసింది మనకు అడుగడుగునా గుర్తుంటుంది. ఎదుటివాళ్లది అయిపోయాకే కంటపడుతుంది, అదీ పడితే.

మంచం మీద మడతపెట్టిన బట్టల దొంతర ఉందనుకోండి. కనిపించేది మడత ఒక్కటే. దాని వెనక జేబులు వెతకడం ఉంది, రంగు వదిలేవి వేరు చేయడం ఉంది. మెషిన్ ఆగాక ముక్కిన వాసన పట్టకముందే తీసి ఆరేయాలి. తిరగబడ్డ చొక్కా చేతులు సరిచేయాలి, జత తప్పిన మేజోడు ఎక్కడుందో చూడాలి. పావుగంట పనిలా కనిపించేది ఒక మనిషిని సాయంత్రమంతా నాలుగైదుసార్లు లేపి ఉంటుంది.

బుర్రతో చేసే పని అసలే కనపడదు. సామాజిక శాస్త్రవేత్త అలిసన్ డామింజర్ 2019లో దాన్ని నాలుగు దశలుగా చెప్పారు: అవసరాన్ని ముందే ఊహించడం, దారులు వెతకడం, ఏదో ఒకటి తేల్చడం, తేల్చింది జరుగుతోందా లేదా అని కనిపెట్టుకుని ఉండటం. పిల్లవాణ్ణి డాక్టరు దగ్గరికి కారులో తీసుకెళ్లిన ఆ గంట అందరికీ తెలుస్తుంది. గడువు గుర్తుపెట్టుకున్నదెవరు, ఖాళీ దొరికేదాకా ఫోన్లు చేసిందెవరు?

ఇంకో చిక్కు ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త నయల్ బోల్జర్ బృందం 2000లో, న్యాయవాద పరీక్షకు చదువుతున్నవాళ్లనూ వాళ్ల భాగస్వాములనూ రోజూ డైరీ రాయించి గమనించింది. భాగస్వామి సాయం తమకు తెలియకుండా అందినప్పుడే చదివేవాళ్ల దిగులు ఎక్కువ తగ్గింది. అంటే బాగా పనికొచ్చే సాయానికే థాంక్స్ దక్కకుండా పోయే అవకాశం ఎక్కువ. వెతికి చూడాల్సిందే.

అలిసిపోయి ఇల్లు చేరగానే వెతకమని కాదు. ముందు ఆ మాటే చెప్పాలి: "ఇవాళ బాగా అలిసిపోయాను, నీ మీద కోపమేం లేదు, ఇరవై నిమిషాలు ఆగి వచ్చి కూర్చుంటాను." ఇది చెప్పకపోతే మౌనాన్ని అవతలివాళ్లు అలకగా చదువుకుంటారు. ఆ ఇరవై నిమిషాలూ ఫోన్ చేతిలో ఉంటే అవి గంట అవుతాయి, ఇచ్చిన మాట పోతుంది. తర్వాత ఇంటిని ఒకసారి కలయజూడండి: సింకు, బట్టలు, పిల్లల బ్యాగు, కట్టాల్సిన బిల్లులు. "ఏం చేశావివాళ?" అని మాత్రం అడగకండి, లెక్క అడిగినట్టుంటుంది. చూసింది మీరే చెప్పండి.

ఎలా చెప్పాలన్నది చిన్న విషయం కాదు. మనస్తత్వ శాస్త్రవేత్త సారా ఆల్గో బృందం 2016లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, తనకు కలిగిన సుఖం చెప్పడం కన్నా ఎదుటి మనిషిలోని మంచిని చెప్పడమే ఎక్కువ తాకుతుంది. "బిల్లు కట్టావు, నాకు హాయిగా ఉంది" అంటే సగమే. "గడువు ఇవాళేనని నాకు గుర్తే లేదు, నువ్వు అడక్కుండానే కనిపెట్టి కట్టేశావు" అంటే ఆ మనిషిని చూసినట్టు. మొహం చూసి, నిలబడి, ఆ పూటే చెప్పాలి. రోజుకొకటి చాలు. "అన్నిటికీ థాంక్స్" అంటే దేనికీ తగలదు. "థాంక్స్, కానీ గిన్నెలు అలా సర్దకూడదు" అంటే చివరి ముక్కే చెవిలో ఉండిపోతుంది. దిద్దాల్సింది ఉంటే మర్నాడు దిద్దుకోవచ్చు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. థాంక్స్ పనికి కూలి కాదు. ఏళ్ల తరబడి ఒకరు పలుకరింపు కూడా లేకుండా చేసిన పనిని రెండోవారు ఒకరోజు చేసి మెప్పు పొందితే, అది మొదటివారికి గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా. అసలు "సాయం" అన్నామంటేనే ఆ పని ఎవరిదో ముందే రాసిపెట్టుకున్నట్టు. అందుకని వారానికోసారి ఓ పావుగంట కూర్చుని, ఒక పనిని పూర్తిగా చేతులు మార్చుకోవడం మంచిది. డాక్టరు అపాయింట్‌మెంట్ల పని తీసుకున్నవాళ్లు గడువు గుర్తుపెట్టుకోవడంతో సహా తీసుకోవాలి. "ఎన్నింటికో కాస్త గుర్తుచెయ్యి" అన్నారంటే మూడొంతుల పని ఇంకా అవతలివాళ్ల నెత్తినే ఉంది.